మంచు ఆగి ఎండ కాసిన రోజే ఎందుకు జాగ్రత్తగా ఉండాలి?

నమస్తే. ఈ చలికాలం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకో కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌కో టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు మన చానల్ చూసేవాళ్లలో చాలామందే ఉంటారు. ఏ బూట్లు కొనాలి, ఏ జాకెట్ మంచిది అని అడుగుతున్నారు. అవి తర్వాత మాట్లాడుకుందాం. ముందు అవలాంచ్ సంగతి, అంటే కొండవాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి జారిపడే సంగతి చెప్పాలి.

అవలాంచ్ ఎక్కడో శిఖరం మీద దానంతటదే మొదలై, కింద ఉన్నవాళ్ల నెత్తిన పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కూడా జరుగుతుంది. కానీ స్కీయింగ్‌కో ట్రెక్కింగ్‌కో వెళ్లి ఇందులో చనిపోయినవాళ్ల విషయంలో ఎక్కువసార్లు ఆ మంచును కదిలించింది వాళ్లే, లేదా వాళ్ల గుంపులోవాళ్లే. భయపెట్టడానికి చెప్పడం లేదు. మన అడుగుతో కదిలేదైతే, ఆ అడుగు వేయకుండా ఆగడం కూడా మన చేతిలోనే ఉంది.

మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. సీజన్ మొదట్లో పలచగా పడి, ఆ తర్వాత వారాల తరబడి ఆకాశం తేటగా ఉంటే, కింద నేల వెచ్చదనానికీ పైన చలికీ ఉన్న తేడా వల్ల అడుగు పొర స్వభావమే మారిపోతుంది. గుప్పిట్లోకి తీసుకుంటే పంచదార పలుకుల్లా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఎంత నొక్కినా ముద్ద కట్టదు. జనవరిలో వెస్టర్న్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వానా మంచూ మోసుకొచ్చే వాతావరణ అలజడి వచ్చి దాని మీద రెండు మూడు అడుగుల కొత్త మంచు పోస్తుంది. గాలి దాన్ని గట్టి పలకలా బిగిస్తుంది. పైన బరువైన పలక, కింద పట్టులేని పొర. మర్నాడు ఆకాశం నీలంగా, ఎండ హాయిగా ఉంటుంది. ఫోటోలకు అంతకంటే మంచి రోజు దొరకదు. అందరూ బయల్దేరేదీ ఆ రోజే. కానీ కొత్త మంచు కుదురుకోవడానికి కనీసం ఒకటి రెండు రోజులైనా కావాలి. అడుగు పొర బలహీనంగా ఉంటే వారాలు కూడా చాలవు.

పలక జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో. కంటి అంచనా నమ్మకండి. ట్రెక్కింగ్ కర్రను వాలు వెంబడి మంచు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి, కోణం కొలిచే యాప్‌లో చూడండి. మీరు నడిచే దారి చదునుగా ఉన్నా, పైన ఏముందో కూడా చూడాలి.

నడుస్తుంటే కాళ్ల కింద 'వుంఫ్' అని మంచు కుంగిన శబ్దం వచ్చినా, బూటు ముందు నుంచి పగులు గీతలా పరుగెత్తినా, ఇంకో మాట లేదు. వెనక్కి తిరగండి.

నేర్చుకున్నవాళ్లు గొయ్యి తవ్వి కూడా చూస్తారు. 30 సెంటీమీటర్ల చదరంలో మంచు దిమ్మెను విడదీసి, పైన పార రేకు పెట్టి, మణికట్టుతో పది దెబ్బలు, మోచేతితో పది, భుజంతో పది వేస్తారు. రెండు మూడు దెబ్బలకే పై పలక శుభ్రంగా జారి ఒళ్లో పడితే ఆ వాలు జోలికి వెళ్లరు. అలాగని, దిమ్మె కదలకపోతే వెళ్లొచ్చని కాదు. పది అడుగుల అవతల మంచు వేరేలా ఉండొచ్చు.

అనుభవం ఉంటే చాలనుకునేవాళ్లకు ఒక్క ఉదాహరణ. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా డాండా-2 మీద అవలాంచ్‌లో చిక్కుకున్నది నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ బృందం. శిక్షకులు, అడ్వాన్స్‌డ్ కోర్సు విద్యార్థులు. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి జాడ తెలియలేదు. గుల్‌మర్గ్‌లో 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వాలుల్లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు.

'సియాచిన్‌లో అవలాంచ్ కింద కూరుకుపోయిన జవాను హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత కూడా ప్రాణాలతో దొరికాడు కదా' అని అడుగుతారు. 2016లో అది నిజంగా అద్భుతం. కానీ ఆయన కూడా ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ సైనిక పోస్టులో ప్రాణాలు పోయిన పదిమందిలో మన అప్పటి కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. మామూలుగా ఉండే గడువు పదిహేను నిమిషాలు. ఆలోపు తీస్తే బతికే అవకాశం బాగా ఎక్కువ. అరగంట దాటితే సగానికి సగం పైగా పడిపోతుంది. హెలికాప్టర్ అంతలో రాదు. తీయాల్సింది పక్కనున్న స్నేహితులే. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్నవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మూడూ ఉండాలి. ఒక్కరి దగ్గర ఉంటే లాభం లేదు. ప్రమాదం ఉన్న వాలు దాటేటప్పుడు ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్లు కళ్లార్పకుండా చూస్తుండాలి.

బయల్దేరే ముందు డీజీఆర్ఈ, అంటే అవలాంచ్ ముప్పును అంచనా వేసే డీఆర్‌డీఓ సంస్థ ఇచ్చే హెచ్చరిక చూడండి. ఫలానా జిల్లాలో ఇన్ని మీటర్ల పైన, రాబోయే 24 గంటలకు అని ఇస్తారు. 'మీడియం' అని ఉంటే ఫర్వాలేదనుకోకండి. నిటారు వాలు మీద మనిషి బరువుకే కదిలే పలకలు అప్పుడూ ఉంటాయి. ఇంకొకటి, ఫోన్‌నూ ట్రాన్స్‌సీవర్‌నూ ఒకే జేబులో పెట్టొద్దు. ఫోన్ వల్ల సిగ్నల్ చెడుతుంది. రెండింటి మధ్య కనీసం 20 సెంటీమీటర్లు ఉండాలి. ఎవరినైనా వెతకాల్సి వస్తే 50 సెంటీమీటర్లు, లేదంటే ఫోన్ పూర్తిగా ఆపేయండి.