ఖడ్గమృగం వీపు మీద ఆ రెండో కొమ్ము ఎక్కడిది? ప్రకృతి బొమ్మలకు నా మార్కులు

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద ఖడ్గమృగం కనిపిస్తోంది కదా, దాని మెడ వెనక, వీపు మొదలయ్యే చోట ఒకసారి చూడండి. చిన్న కొమ్ము, మెలి తిరిగి ఉంది. ముక్కు మీది కొమ్ము ముక్కు మీదే ఉంది, మరి ఇదేంటి? ఏ ఖడ్గమృగానికీ అక్కడ కొమ్ముండదు. ఒంటి మీది చర్మం చూడండి, యుద్ధానికి వెళ్లేవాడికి కవచం తొడిగినట్టుంది. కాళ్ల మీద పొలుసులు. జంతుశాస్త్రం పరీక్షలో ఈ బొమ్మ గీస్తే సున్నా వేసి పంపిస్తారు.

గీసింది మామూలు మనిషి కాదు, జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెహ్ట్ డ్యూరర్. 1515లో చెక్క మీద చెక్కించి అచ్చు వేయించిన బొమ్మ ఇది. ఆ ఏడాది మే నెలలో గుజరాత్ సుల్తాను ఇచ్చిన ఖడ్గమృగం ఒకటి ఓడెక్కి లిస్బన్ చేరింది. రోమన్ల కాలం తర్వాత యూరప్ వాళ్లు ప్రాణంతో ఉన్న ఖడ్గమృగాన్ని చూడటం అదే మొదలు. డ్యూరర్ మాత్రం జర్మనీలో, న్యూరెంబర్గ్‌లో ఉన్నాడు. అతని చేతికి అందింది ఒక ఉత్తరం, ఎవరో గీసిన ఒక చిత్తు బొమ్మ, అంతే. ఆ జంతువును అతను జీవితంలో చూడలేదు. పోర్చుగల్ రాజు దాన్ని పోప్‌కు కానుకగా పంపితే దారిలో ఓడ మునిగి అది కూడా పోయింది. మిగిలింది ఈ బొమ్మే. తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా యూరప్‌లో ఖడ్గమృగం అంటే ఇదే. వాళ్లు వీళ్లను చూసి, వీళ్లు ఇంకొకళ్లను చూసి, ఆ వీపు మీది కొమ్ముతో సహా దింపుతూ పోయారు.

ఇవాళ బొమ్మలన్నిటికీ నేను వేసే ప్రశ్న ఒకటే. గీసేటప్పుడు ఆ మనిషి కళ్లు ఎక్కడున్నాయి? జంతువు మీదా, ఇంకో బొమ్మ మీదా, ఎవరో చెప్పిన మాట మీదా? రంగులు బాగున్నాయా, అచ్చం ఫోటోలా ఉందా అనే లెక్కతో నేను మార్కులు వేయను. ఫోటోలా ఉండటం నా దృష్టిలో పెద్ద గొప్పేం కాదు, ఎందుకో మధ్యలో గుర్రాల దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు రెండో ఖడ్గమృగం. ఇది క్లారా. 1741లో యూరప్ చేరి, ఊరూరా తిరిగి, జనం టికెట్ కొని చూసిన జంతువు. 1749లో పారిస్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఊద్రీ దీన్ని ఎదురుగా చూసి, నిలువెత్తు బొమ్మ వేశాడు. నిలువెత్తు అంటే మాటవరసకు కాదు, నిజంగానే ఖడ్గమృగం అంత సైజు. వీపు మీద కొమ్ము లేదు. చర్మం మడతలు సరైన చోట ఉన్నాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ నిజం చెప్పాలంటే, ఈ రెండూ పక్కపక్కన పెడితే నా కన్ను డ్యూరర్ వైపే పోతుంది. ఆ బరువు, ఆ దించిన తల, చట్రం పట్టనట్టు నిలబడిన తీరు! చూడని జంతువుకు అంత ఉనికి తెచ్చాడు, అసలు ప్రమాదం కూడా అదే. చేయి తిరిగినవాడు అబద్ధం గీస్తే అది నిజం కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. డ్యూరర్ ఖడ్గమృగానికి పదికి ఆరు. ఊద్రీకి ఏడు, కొంచెం అయిష్టంగా.

డ్యూరర్‌కు ఆరేనా అని తిట్టుకోకండి, ఆగండి. ఈ కుందేలు కూడా ఆయనదే, 1502. వియన్నాలో ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. నీటిరంగుల్లో వేసింది, కాగితం మీద చిన్న బొమ్మ. కొంచెం జూమ్ చేస్తాను. వెంట్రుకలు చూడండి, చెవి దగ్గర ఒక వైపు వాలాయి, భుజం దగ్గర ఇంకో వైపు, పొట్ట దగ్గర మెత్తగా తెల్లగా. అన్నీ ఒకే గీతతో లాగలేదు. కంట్లో చూడండి, కిటికీ ప్రతిబింబం. ఆ మరుసటి ఏడాది, 1503లో, ఏమీ లేని ఒక గడ్డి దుబ్బును పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. గడ్డి, డాండిలియన్, అరటాకుల్లా వెడల్పాకుల చిన్న మొక్క, కింద మట్టి, వేళ్లు. అంతే. గుడి లేదు, దేవుడు లేడు, రాజు లేడు. బొమ్మంటే కథ చెప్పాలి అనుకునే కాలంలో ఒక గడ్డి దుబ్బుకు కూర్చోబెట్టి గౌరవం ఇచ్చాడు. నాకు కుందేలు కన్నా ఈ గడ్డే ఇష్టం. పదికి పది, ఆలోచించే పని లేదు.

మన్సూర్ గురించి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను, ఆయనకు విడిగా ఒక వీడియో కావాలి. జహంగీర్ ఆస్థానంలో చిత్రకారుడు. 1621లో ఆస్థానానికి ఒక జీబ్రా వచ్చింది. చారలు చూసి ఎవరో రంగు పూశారేమో అని అనుమానపడ్డారట, పరీక్షించి చూస్తే పుట్టుకతో వచ్చినవే. మన్సూర్ వేసిన ఆ జీబ్రాలో మొహం మీది చారలు సన్నబడుతూ ముక్కు దగ్గర కలిసే తీరు చూడండి, ఊహించి గీయగలిగేది కాదు అది. తొమ్మిది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన మనిషి దగ్గరికి వచ్చాం. మరియా సిబిల్లా మేరియన్, పురుగుల్నీ మొక్కల్నీ గీసిన చిత్రకారిణి. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. ఎందుకంటే పురుగులు చూడటానికి! అప్పటిదాకా ఆమె చూసిన ఆ దేశపు సీతాకోకచిలుకలన్నీ సేకరణల్లో సూదులు గుచ్చి పెట్టినవి. అవి ఏ మొక్క తిన్నాయి, ఏ గొంగళిపురుగు నుంచి వచ్చాయి, ఎవరికీ పట్టలేదు. ఆమె రెండేళ్లు అక్కడుంది, జబ్బు చేసి 1701లో తిరిగొచ్చింది. 1705లో అరవై బొమ్మల పుస్తకం వేసింది. ప్రతి బొమ్మలో ఒక మొక్క, దాని మీద గుడ్లు, గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు. ఒకే కాగితం మీద మొత్తం బతుకు. ఆకులకు కన్నాలు కూడా ఉంటాయి చూడండి, పురుగు కొరికినవి. అందం కోసం ఆకును బాగుచేయలేదు ఆమె. ఇవాళ మనం ఆవరణశాస్త్రం అని చదివేదాన్ని అప్పటికే కుంచెతో చెప్పేసింది.

ఇందులో పద్దెనిమిదో బొమ్మ చూడాలి మీరు. జామ కొమ్మ. దాని మీద పెద్ద నల్ల సాలీడు, కాళ్ల కింద హమ్మింగ్ బర్డ్. సాలీడు పిట్టను తింటోంది. పక్కనే చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెన కట్టి దాటుతున్నాయి. పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు ప్రకృతి శాస్త్రవేత్తలు దీన్ని చూసి నవ్వారు, ఆడమనిషి ఎవరో చెప్పిన కట్టుకథ నమ్మి గీసింది అన్నారు. 1863లో ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ బేట్స్ అమెజాన్ అడవుల్లో అలాంటి సాలీడు పిట్టల్ని పట్టడం తన కళ్లతో చూశానని రాశాక నోళ్లు మూతపడ్డాయి. కూర్పు విషయంలో నాకు చిన్న ఫిర్యాదు ఉంది, ఆ కొమ్మ మీద జనాభా మరీ ఎక్కువైంది, అన్ని పనులూ ఒకే క్షణంలో జరుగుతున్నట్టుంటుంది. అయినా తొమ్మిదిన్నర.

తర్వాత ఆడుబాన్. పేరు వినే ఉంటారు. అమెరికా పక్షుల మీద 1827 నుంచి 1838 దాకా అచ్చయిన 435 బొమ్మలు. ప్రతి పక్షీ అసలు సైజులోనే ఉండాలని పట్టు. అందుకే ఆ కాగితం దాదాపు మీటరు పొడవు. అంత కాగితం కూడా ఫ్లెమింగోకు చాల్లేదు, అందుకే చూడండి, మెడను కిందికి వంచేశాడు. నీళ్లలో మేత వెతుకుతున్నట్టు కుదిరింది కాబట్టి సరిపోయింది. ఇంతకీ ఇంత జీవం ఎలా తెచ్చాడు? కాల్చి. తుపాకీతో కొట్టి, ప్రాణం పోయిన వెంటనే తీగలు గుచ్చి, గళ్లు గీసిన చెక్కకు బిగించి, ఎగురుతున్నట్టో కొట్లాడుతున్నట్టో నిలబెట్టి గీసేవాడు. బైనాక్యులర్స్, కెమెరా లేని కాలం, ఆ పని చేసింది ఆయనొక్కడే కాదు. కానీ ఆ సంగతి తెలిశాక కొన్ని బొమ్మల్లో మెడలు మరీ విపరీతంగా మెలికలు తిరగడం కంటికి కొడుతుంది. కరొలీనా చిలుకల బొమ్మ మాత్రం వేరే. ఏడు చిలుకలు, ఒకటి మనవైపే తిరిగి అరుస్తున్నట్టుంది. ఆ జాతిలో బోనులో మిగిలిన చివరి చిలుక 1918లో సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఇప్పుడు మన దగ్గర ఉన్నవి ఎండబెట్టిన చర్మాలు, ఇలాంటి బొమ్మలు. ఎన్ని మార్కులు వేయాలో నాకు తెగడం లేదు, ఎనిమిది అనుకోండి.

ఇక గుర్రాలు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో వేసిన ఎప్సమ్ గుర్రప్పందెం, 1821. గుర్రాలు ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాచి గాల్లో ఉన్నాయి. చూస్తే వేగం వేగంలా ఉంటుంది. కానీ ఏ గుర్రమూ అలా పరిగెత్తదు. 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి తీస్తే తేలింది ఏంటంటే, నాలుగు కాళ్లూ నేలను వదిలే క్షణం ఉన్న మాట నిజమే, కానీ అప్పుడవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. అంటే వందల ఏళ్లు చిత్రకారులు గుర్రాన్ని చూసి గీశారా, గుర్రం బొమ్మల్ని చూసి గీశారా? ఇక్కడో తమాషా ఉంది. 2012లో హంగరీ పరిశోధకులు నడిచే జంతువుల బొమ్మల్లో కాళ్ల వరస సరిగ్గా ఉందా లేదా అని లెక్కగట్టారు. మైబ్రిడ్జ్‌కు ముందరి ఆధునిక చిత్రకారుల్లో తప్పులు 83.5 శాతం. గుహల్లో గీసిన ఆదిమానవుల్లో 46.2 శాతం! వాళ్లకు జంతువు నడక తెలియకపోతే ఆ పూట తిండి లేదు, అంత శ్రద్ధ మరి.

అలాగని వాళ్లు కాళ్లు సరిగ్గా పెట్టి ఊరుకోలేదు. ఫ్రాన్స్‌లో షోవే గుహ, 1994లో బయటపడింది, బొమ్మల్లో పాతవాటికి సుమారు 36,000 ఏళ్లు. ఈ అడవిదున్నకు ఎనిమిది కాళ్లున్నాయి, లెక్కపెట్టండి. పరుగు అది! ఊగే దివిటీ వెలుగులో చూస్తే కదిలినట్టే ఉంటుంది. సరైన కాళ్లు గీయడం తెలిసినవాళ్లే, కావాలని తప్పు గీశారు. ఇందాక ఫోటో గురించి అన్నది ఇందుకే. మైబ్రిడ్జ్ ఫోటోలో గుర్రం నిజం, కానీ అది ఆగిపోయిన గుర్రం. జెరికోకు ఐదు. షోవే వాళ్లకు నేను మార్కులు వేయడమేంటి, నవ్వుతారు.

ఎబట్ థేయర్ సంగతి రెండు ముక్కల్లో. చాలా జంతువులకు వీపు ముదురు, పొట్ట లేత రంగు ఎందుకుంటుందో పట్టుకున్న అమెరికన్ చిత్రకారుడు. పైనుంచి వెలుగు పడితే వీపు వెలుగుతుంది, పొట్ట నీడలో పడుతుంది. ఆ రంగుల తేడా దాన్ని కొట్టేసి జంతువును చదునుగా, కనపడకుండా చేస్తుంది. వెలుగునీడలతో రోజూ కుస్తీపట్టే చిత్రకారుడికే తట్టే విషయం, శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. 1909 నాటి పుస్తకంలో ప్రతి జంతువు ప్రతి రంగూ దాక్కోవడానికే అన్నాడు. ఫ్లెమింగో గులాబీ రంగు కూడా సూర్యోదయ సూర్యాస్తమయ ఆకాశంలో కలిసిపోవడానికేనట, అలా బొమ్మలు కూడా వేశాడు. బొమ్మలు మాత్రం భలే ఉంటాయి. సిద్ధాంతం ముందు పెట్టుకుని చూస్తే ఎంత మంచి కన్నైనా మోసపోతుంది. ఆరు.

ఇప్పుడు కొండలు. గువో షీ, చైనా, 1072, బొమ్మ పేరు ‘తొలి వసంతం’. పట్టు మీద సిరా, ఎత్తు మనిషంత ఉంటుంది. కళ్లు ఎక్కడున్నాయి అనే నా ప్రశ్న ఇక్కడ దెబ్బతింది. కింద నీటి ఒడ్డున ఉన్న చిన్న మనుషుల్ని చూస్తే మనం పైనుంచి చూస్తున్నట్టుంటుంది. మధ్యలోని చెట్లు ఎదురుగా ఉన్నట్టుంటాయి. శిఖరం దగ్గరికొచ్చేసరికి తలెత్తి చూస్తున్నాం. ఎడమవైపు లోయ దూరంగా జారిపోతుంది. ఒకే బొమ్మలో మనల్ని నడిపిస్తున్నాడు. ఇది చేతకాక చేసింది కాదు. కింది నుంచి పైకి చూసే దూరం, ముందు నుంచి లోపలికి చూసే దూరం, సమంగా అవతలికి చూసే దూరం అని మూడు దూరాలు ఆయనే వివరించాడు, కొడుకు రాసిపెట్టాడు. అడుగడుక్కీ కొండ రూపు మారుతుందని ఆయన మాట. ఒకచోట నిలబడి చూసిన కొండ ఆయనకు సగం కొండే. పది.

దీనికి పూర్తిగా ఎదురు ఇంగ్లీషు చిత్రకారుడు కాన్‌స్టబుల్. 1821, 22 సంవత్సరాల్లో లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్‌లో ఆకాశం ఒక్కటే గీస్తూ కూర్చున్నాడు. కాగితం మీద ఆయిల్ రంగులు, గబగబా. మబ్బు ఆగదు కదా. చాలావాటికి వెనక తేదీ, టైము, గాలి ఏ వైపు నుంచి వీస్తోంది రాసిపెట్టాడు. మబ్బులకు రకాలవారీగా పేర్లు పెట్టే పని అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది, ఈయన దాన్ని కుంచెతో చేశాడు. అదే కాలపు ఇంకో ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ తుఫానులో ఓడ స్తంభానికి కట్టించుకుని చూశాడని ఒక కథ ఉంది, చరిత్రకారులు పెద్దగా నమ్మరు, నేనూ నమ్మను. నాకు వీపున టైము రాసిన ఈ చిన్న కాగితాలే నచ్చుతాయి. తొమ్మిదిన్నర. ఆ అర మార్కు ఎందుకు తీశానంటే, ఇదే మనిషి ఎగ్జిబిషన్‌కు పెట్టే పెద్ద కాన్వాసుల దగ్గరికి వచ్చేసరికి స్టూడియోలో దిద్ది దిద్ది ఆ తడిని కొంత ఆరబెట్టేశాడు.

మీ మార్కులు కామెంట్లలో వేయండి, ముఖ్యంగా ఊద్రీ అభిమానులు ఎవరైనా ఉంటే గొడవ పడదాం. తర్వాతి వీడియో జార్జ్ స్టబ్స్ మీద. గుర్రాల్ని కోసి, ఎముకలూ కండరాలూ చూసి గీసినవాడు, అదే మనిషి నావికుడు కెప్టెన్ కుక్ ఓడ తెచ్చిన చర్మం ఒకటి చూసి, బతికున్న కంగారూను చూడకుండానే కంగారూ బొమ్మ వేశాడు. అది ఎలా వచ్చిందో అప్పుడు చూద్దాం.