సకినాలు చుడుతూ రెయిన్ చెక్ ముచ్చట

నమస్కారం అండీ. డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చి నాలుగు రోజులైంది. ఇది హనుమకొండలో మా డాబా. కెమెరా కొంచెం కిందికి తిప్పుతాను. పాత నూలు పంచె పరిచి అమ్మ సకినాలు చుడుతోంది. నువ్వులు, వాము కలిపిన తడి బియ్యప్పిండి ఆమె వేళ్ల మధ్య మెలి తిరుగుతూ చుట్టు మీద చుట్టుగా ఎలా దిగుతోందో చూడండి. ఆ మూల అష్టవంకరలు పోయినవి నావి.

అక్క కొడుకు ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు జాతీయాలు బట్టీ పడుతున్నాడు. "మామయ్యా, పీస్ ఆఫ్ కేక్ అంటే నల్లేరు మీద నడక, అంతేనా?" అంతే. సకినాలు చుట్టడం మాత్రం కాదు.

కుండపోత వానకు కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయనే మాట వాడి పుస్తకంలోనూ ఉంది. అమెరికాలో ఇన్నేళ్లలో నేను ఒక్కరి నోటా వినలేదు. ఇక 'బ్రేక్ ఎ లెగ్' ఎక్కువగా వేదిక ఎక్కబోయేవారికి చెప్పే శుభాకాంక్ష. మాటకు మాట అర్థం చెప్పేసరికి అమ్మ చేయి ఆగింది. "పండుగ పూట కాళ్లు విరగడమేమిట్రా!"

నన్ను బోల్తా కొట్టించింది మాత్రం రెయిన్ చెక్. వెళ్లిన కొత్తలో ఆఫీసులో ఒకాయనను భోజనానికి పిలిచాను. రెయిన్ చెక్ తీసుకుంటానన్నాడు. కిటికీలోంచి ఆకాశం చూసి, "ఈ రోజు వాన లేదండీ" అన్నాను. పాపం, నవ్వు ఆపుకుంటూ ఆయనే చెప్పాడు. 1880ల నాటి బేస్‌బాల్ మాట అది. వానకు ఆట ఆగిపోతే, చేతిలోని టికెట్టు ముక్కతో మరో రోజు ఆటకు వెళ్లవచ్చు. అంటే ఇప్పుడు కాదు, ఇంకోసారి అని. ఉజ్జాయింపు లెక్కను బాల్‌పార్క్ ఫిగర్ అనడమూ ఆ మైదానం నుంచి వచ్చిందే. అర్థం తెలిశాక కూడా ఆయన వస్తాడనే రెండు శనివారాలు కోడి కూర వండాను! మన దగ్గర "వీలు చూసుకుని వస్తాంలెండి" అంటే ఎవరైనా పొయ్యి వెలిగిస్తారా?

"మళ్లీ ఎప్పుడు వస్తావురా?" అంది అమ్మ, చుట్టు మీద నుంచి కళ్లు తిప్పకుండా.

"వీలు చూసుకుని వస్తానమ్మా."

"రెయిన్ చెక్" అన్నాడు మేనల్లుడు, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

అమ్మ అర్థం అడగలేదు. నూనె కాగింది, ఆరిన సకినాలు అందుకోమంది.