టారో నేర్చుకునేవారు ముందు చూడవలసినది

సభకు నమస్కారం. జోస్యానికీ ఆత్మపరిశీలనకూ వాడే టారో అనే బొమ్మల కార్డులను ఈ మధ్యనే చేతిలోకి తీసుకున్నవారూ, తీసుకుందామా వద్దా అని ఆలోచిస్తున్నవారూ ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి ఈ ప్రసంగాన్ని ఒక్క విషయానికే పరిమితం చేస్తాను. కార్డుకు పుస్తకంలో రాసి ఉన్న అర్థాన్ని వెతకడానికి ముందు, ఆ కార్డు మీది బొమ్మను తీరికగా చూడడం అలవాటు చేసుకోవాలి.

డెక్‌లో, అంటే కార్డుల కట్టలో, 78 కార్డులు ఉంటాయి. వాటిలో 22 మేజర్ ఆర్కానా, అంటే డెత్ లాంటి సొంత పేర్లున్న పెద్ద కార్డులు; 56 మైనర్ ఆర్కానా, అంటే పేకముక్కల్లా వర్గాలుగా ఉండే చిన్న కార్డులు. మైనర్ కార్డులు వాండ్స్ (కర్రలు), కప్స్ (కప్పులు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకిల్స్ (నాణేలు) అని నాలుగు వర్గాలు. ఒక్కో వర్గంలో ఏస్ మొదలు పది దాకా అంకెల కార్డులూ, పేజ్, నైట్, క్వీన్, కింగ్ అనే నాలుగు కొలువు కార్డులూ ఉంటాయి. వాండ్స్‌ను ఉత్సాహానికీ కార్యాచరణకూ, కప్స్‌ను భావోద్వేగాలకూ, స్వోర్డ్స్‌ను ఆలోచనకూ సంఘర్షణకూ, పెంటకిల్స్‌ను శ్రమకూ సంపదకూ ముడిపెట్టి చదవడం వాడుక. ఈ మాత్రం తెలిస్తే మొదలుపెట్టవచ్చు. తలకిందులుగా వచ్చిన కార్డుకు వేరే అర్థం చెప్పే పద్ధతి ఒకటి ఉంది గానీ, దాన్ని కూడా మొదటిరోజే నెత్తికెత్తుకుంటే 78 అర్థాలు 156 అవుతాయి. నా అభిప్రాయంలో మొదటి కొన్ని నెలలు కార్డులన్నిటినీ నిటారుగానే చదవడం మంచిది.

బొమ్మకు అంత ప్రాధాన్యం ఎందుకు ఇవ్వాలో తెలియాలంటే ఈ కార్డుల చరిత్రను కొంచెం తడమాలి. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలోని ప్రభువుల ఇళ్ళలో ఇవి ఆట కార్డులుగా పుట్టాయి. మిలాన్ పాలకుల కోసం చేతితో చిత్రించిన విస్కాంతి-స్ఫోర్జా కార్డులు నేటికీ మ్యూజియంలలో ఉన్నాయి. 1781లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబెలాఁ అనే పండితుడు ఇవి ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానభాండాగారమని ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారే లేరు. దాని గుట్టు విప్పే పని షాంపోల్యాఁ అనే ఫ్రెంచి పండితుడి చేతిలో 1822లో గానీ ఫలించలేదు. జెబెలాఁ వాదానికి ఆధారమేదీ దొరకలేదు, అయినా ఆ నమ్మకం మాత్రం బలంగా నాటుకుపోయింది, 1780ల దశకంలోనే టారోతో జోస్యం చెప్పే పద్ధతులు పుస్తకాలకెక్కాయి. ఇదంతా చెప్పడం టారోను తక్కువ చేయడానికి కాదు. ఒక్కో కార్డుకు మనం చెప్పుకుంటున్న అర్థాలను వేర్వేరు కాలాల మనుషులు, తమ ఎదుట ఉన్న బొమ్మలను చూస్తూ, ఒకరి తర్వాత ఒకరు కూర్చుకుంటూ వచ్చారని గ్రహిస్తే, 'సరైన అర్థం తప్పిపోతుందేమో' అనే భయం నేర్చుకునేవారిని వదిలిపోతుంది.

ఆ బొమ్మల విషయంలో 1909 ముఖ్యమైన సంవత్సరం. లండన్‌లో రైడర్ సంస్థ ప్రచురించిన డెక్‌కు మార్మిక విద్యల రచయిత ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచన ఇస్తే, పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీశారు. అంతకుముందు వాడుకలో ఉన్న డెక్‌లలో సాధారణంగా అయిదు కప్పుల కార్డు అంటే అయిదు కప్పులు మాత్రమే కనిపించేవి. స్మిత్ మైనర్ కార్డులలోకి కూడా దృశ్యాలను, చాలావాటిలోకి మనుషులనూ నేలనూ ఆకాశాన్నీ తీసుకువచ్చారు. చాలాకాలం డెక్ పేరులో ప్రచురణకర్తకూ వెయిట్‌కూ ఉన్న చోటు ఆమెకు దక్కలేదు. ఇప్పుడు చాలామంది ఆమె పేరునూ చేర్చి చెబుతున్నారు, అది న్యాయం. కొత్తవారికి ఈ డెక్‌నే సిఫారసు చేస్తాను, ఎందుకంటే ఇందులో చూడడానికి ఏదో ఒకటి ప్రతి కార్డులోనూ ఉంది.

ఇప్పుడు మూడు కార్డులతో ఒక ఉదాహరణ చూద్దాం. ఏళ్ళ తరబడి ఒకే పనిలో ఉన్న వ్యక్తి ఒకరు 'ఈ పని మానేయవచ్చా?' అని అడిగారనుకోండి. అవునో కాదో చెప్పమనే ప్రశ్నకు కార్డులు ఇచ్చే జవాబు బొమ్మా బొరుసూ వేసినదానికన్నా మెరుగేమీ కాదు. కాబట్టి ఆ ప్రశ్నను వారితో కలిసి 'ఈ పని విషయంలో నేను గమనించకుండా ఉన్నదేమిటి?' అని మార్చుకుందాం. కార్డులు కలిపి మూడు పరిస్తే వరుసగా ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్, ఫైవ్ ఆఫ్ కప్స్, టూ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చాయనుకుందాం. పుస్తకం తిరగేస్తే శ్రమ, దుఃఖం, ఎటూ తేల్చుకోలేకపోవడం అని మూడు మాటలు దొరుకుతాయి. వాటిని పక్కపక్కన పెట్టి అప్పజెబితే వినేవారికి చేరేది అంతంతమాత్రమే.

పుస్తకం మూసి బొమ్మలనే చూడండి. మొదటి కార్డులో పనివాడు బల్ల మీద కూర్చుని నాణెం చెక్కుతున్నాడు. దూరంగా ఒక పట్టణం ఉంది, కానీ అతని చూపు చేతిలోని పని మీదే ఉంది. రెండో దానిలో నల్లని అంగీ కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పుల వైపు తల వంచి నిలబడ్డాడు. అతని వెనుక రెండు కప్పులు పడకుండా నిలిచే ఉన్నాయి, అవతల నది మీద వంతెన కూడా ఉంది. మూడో దానిలో కళ్ళకు గంత కట్టుకున్న స్త్రీ రెండు కత్తులను గుండెల మీద అడ్డంగా పట్టుకుని కూర్చుంది, ఆమె వెనుక నీళ్ళూ రాళ్ళూ నెలవంకా ఉన్నాయి. ముగ్గురి పరిసరాల్లోనూ వారి చూపు పడనిది ఒకటి ఉంది. ఈ పోలిక ఏ కార్డు అర్థంలోనూ విడిగా దొరకదు, మూడూ కలిసి కూర్చున్నప్పుడే పుడుతుంది. అప్పుడు చదివేవారు అడగవలసిన ప్రశ్న తనంత తానే ముందుకొస్తుంది: 'ఈ పనిలో పడి మీరు చూడడం మానేసినది ఏమిటి? పోయినదాన్ని పక్కన పెడితే, ఇంకా చేతిలో ఉన్నదేమిటి?' వ్యాఖ్యానమంటే నా దృష్టిలో ఇదే. పుస్తకంలోని శ్రమ, దుఃఖం, సందిగ్ధం అనే మాటలు ఇప్పుడు అక్కరకొస్తాయి, ఎందుకంటే వాటిని తగిలించడానికి ఒక కథ సిద్ధంగా ఉంది. వెయిట్ ప్రచారంలోకి తెచ్చిన పది కార్డుల కెల్టిక్ క్రాస్ స్ప్రెడ్‌లో (కార్డులు పరిచే ఒక అమరికలో) ఇలాంటి సంబంధాలు ఎన్నో అల్లుకుంటాయి కాబట్టే, మూడు కార్డులు చేతికి లొంగేదాకా దాని జోలికి వెళ్ళవద్దని చెబుతాను.

చూడడం నేర్చుకుంటే భయపెట్టే కార్డుల భయమూ తగ్గుతుంది. డెత్ కార్డులో తెల్లగుర్రం మీద అస్థిపంజరం వస్తోంది, రాజు నేలకొరిగాడు. కానీ అక్కడే ఒక పసివాడు బెదరకుండా దాన్ని చూస్తున్నాడు, దూరాన రెండు బురుజుల నడుమ సూర్యుడు ఉన్నాడు. అందుకే దీన్ని ఒక దశ ముగియడంగా చదువుతారు. ఈ కార్డు వచ్చిందని ఎవరికీ మరణం చెప్పకూడదు. అనారోగ్యం, కోర్టు వ్యవహారం, డబ్బు పెట్టుబడి వంటి విషయాల్లో కార్డుల మీద ఆధారపడి సలహా ఇవ్వడం ఎదుటివారికి హాని చేయడమే. కార్డులు భవిష్యత్తును చెప్పగలవనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అడగడానికి వచ్చినవారికి ఆ మాటను ముందుగానే చెప్పడం చదివేవారి బాధ్యత.

మరొక జాగ్రత్త కూడా ఉంది. 1948లో మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరికి వారికే ప్రత్యేకమని చెబుతూ అందరికీ ఒకే వ్యక్తిత్వ వివరణ ఇచ్చాడు. అది తమకు ఎంతవరకు సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు నాలుగు దాటింది. 'మీలో బయటికి కనిపించని శక్తి ఉంది' లాంటి వాక్యం ఎవరికైనా నప్పుతుంది, నప్పినందుకు మనం పొంగిపోతాం. అందువల్ల రీడింగ్ చెబుతున్నప్పుడు, ఈ వాక్యం ఈ మనిషి విషయంలో తప్పయ్యే అవకాశం ఉందా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. లేకపోతే దాన్ని వదిలేసి మళ్ళీ బొమ్మ దగ్గరికి వెళ్ళండి.

అభ్యాసానికి ఒక నోటుపుస్తకం చాలు. రోజుకు ఒక కార్డు తీసి, ముందు కంటికి కనిపించినవి మాత్రమే రాయండి: ఎవరు ఎటు చూస్తున్నారు, చేతిలో ఏముంది, నేల ఎలా ఉంది, వెనుక ఏముంది. ఆ తర్వాత అది మీలో లేపిన ప్రశ్నను రాయండి. చివరగా పుస్తకంలోని అర్థం చూసి, మీరు చూసినదానికీ దానికీ ఎక్కడ పొంతన కుదిరిందో, ఎక్కడ కుదరలేదో గుర్తుపెట్టండి. ఇతరులకు చదివినప్పుడు వారు 'నా విషయంలో అది కాదండీ' అంటే, వాదించకుండా ఆ మాటను కూడా అదే పేజీలో వారి ప్రశ్న కింద రాసుకోండి. నచ్చిన జవాబు వచ్చేదాకా అదే ప్రశ్నకు మళ్ళీ మళ్ళీ కార్డులు తీయడం మాత్రం వద్దు.