ఉగాదికి పోస్ట్ పెట్టి రంజాన్‌కి ఎందుకు పెట్టలేదు?

హాయ్ అండి, బెంగళూరు నుంచి మాట్లాడుతున్నా. కంపెనీలు ఏ పండక్కి శుభాకాంక్షలు చెప్పాలి, దేనికి ఊరుకోవాలి అని ఎలా డిసైడ్ చేస్తాయో ఈ వీడియోలో చెప్తా, ఎందుకంటే ఆ పోస్టులు పెట్టే టీమ్‌లోనే నేను నాలుగేళ్లు పనిచేశా.

2025 గుర్తు తెచ్చుకోండి. మార్చి 30 ఆదివారం ఉగాది, మర్నాడే రంజాన్. శుక్రవారమే మారతహళ్లిలో మా ఆఫీసు ప్యాంట్రీలో పేపర్ కప్పుల్లో పచ్చడి పంచాం, వేపపువ్వు ఒకావిడ ఇంటి నుంచి పొట్లం కట్టుకొచ్చారు, కన్నడవాళ్లు వేప, బెల్లం కలిపే వాళ్ల బేవు బెల్ల తెచ్చారు, ఆదివారం పొద్దున్నే లింక్డ్‌ఇన్‌లో మామిడాకుల కలశం పోస్టర్ పడింది. సోమవారం ఏమీ లేదు. ఎవరూ వద్దనలేదండి, డిజైనర్ ఊరెళ్లాడు, అప్రూవ్ చేయాల్సిన మేనేజర్ ఫోన్ ఎత్తలేదు, అంతే. మంగళవారం టెస్టింగ్ టీమ్‌లో కడప అబ్బాయి షీర్ ఖుర్మా డబ్బా నా టేబుల్ మీద పెట్టి, "అక్కా, నిన్న మనది రాలేదు కదా" అన్నాడు. ఆ "మనది" అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే జనం దానికీ ఒక అర్థం తీస్తారు, తప్పు వాళ్లది కాదు. గూగుల్‌నే చూడండి, హోమ్‌పేజీలో లోగో బదులు పెట్టే బొమ్మల్లో, అంటే డూడుల్స్‌లో, మత చిహ్నాలు పెట్టకూడదని రూల్ పెట్టుకుంది, అయినా 2013లో ఈస్టర్ మార్చి 31న వచ్చి, అదే రోజు వ్యవసాయ కూలీల నాయకుడు సీజర్ చావెజ్ పుట్టినరోజని ఆయన బొమ్మ పెడితే అమెరికాలో గొడవైపోయింది. మన దగ్గర 2021లో దీపావళి ముందు బట్టల కంపెనీ ఫ్యాబ్‌ఇండియా ఒక కలెక్షన్‌కి "జష్న్-ఎ-రివాజ్" అని పేరు పెడితే ఉర్దూ పేరేంటని బాయ్‌కాట్ అన్నారు, వాళ్లు పోస్ట్ తీసేసి అది దీపావళి కలెక్షన్ కాదని చెప్పుకోవాల్సొచ్చింది. ఇలాంటివి గుర్తు చేసి మా మీటింగుల్లో ఎవరో ఒకరు "ఎందుకొచ్చిన గొడవ, ఏదీ వద్దు" అనేవాళ్లు. నేను ఒప్పుకోను. పక్కపక్కనే కూర్చుని పనిచేసేవాళ్ల పండగ మనకి పట్టనట్టు ఎలా ఉంటాం?

అసలు పోస్టర్ కంటే ముందు చూడాల్సింది సెలవుల లిస్టు. కర్ణాటకలో 1963 చట్టం ప్రకారం జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, నవంబర్ 1 కచ్చితంగా ఇవ్వాలి, వాటి మీద పండగలకి ఇంకో 5. ఆ అయిదింటిలో ఏవి పడతాయన్న దగ్గరే అసలు విషయం ఉంది, భోగి, కనుమలకి ఊరెళ్లాలంటే మనం సొంత లీవ్ పెట్టుకునేది అందుకే. సెలవు ఇవ్వకుండా పోస్టర్ ఎంత అందంగా వేసినా ఆ రోజు లాగిన్ అయినవాడికి అది కడుపు మంటే.

ఆ తర్వాత మేం చేసిందేంటంటే, డిసెంబర్‌లోనే ఒక షీట్ తిప్పి ఎవరికి ఏ పండగ ముఖ్యమో రాయమన్నాం, అన్నిటికీ ఒకే డిజైన్, దేవుడి బొమ్మలు లేకుండా, ముందే షెడ్యూల్ చేసి పెట్టేశాం. మీ ఆఫీసులో సెలవుల లిస్టు ఎవరి చేతిలో ఉందో ఈ డిసెంబర్‌లో అడగండి, జనవరికల్లా అది ఫైనల్ అయిపోతుంది.