ప్రొపేన్ నేల మీదే పాకుతుంది: సిలిండర్ బిగించడం, లీకు పట్టుకోవడం, వాసనొస్తే చేయాల్సింది

నమస్కారమండీ. ఈ వీడియోలో ప్రొపేన్ గ్యాసు సిలిండర్ బిగించి, లీకు ఉందో లేదో చూసి, వెలిగించి చూపిస్తాను. వాసనొస్తే ఏం చేయాలో కూడా చెప్తాను, ఆ భాగం మాత్రం ముందుకు జరపకుండా చూడండి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. లీకైందంటే పైకి పోదు. ఒలికిన నీళ్లలాగా పల్లం వెతుక్కుంటూ పోతుంది. మెట్ల మీంచి కిందికి దిగుతుంది, తలుపు కింది సందులోంచి పక్క గదిలోకి పోతుంది, నీళ్లు పోయే తూములో దూరుతుంది. మీరు నిలబడి ఉన్నచోట ముక్కుకి ఏమీ తెలియకపోవచ్చు, పాదాల దగ్గర మాత్రం చేరి ఉండొచ్చు. ఇది గుర్తుంటే ఇవాళ నేను చెప్పేవాటిలో సగం మీకే తడతాయి.

ఉదాహరణకి, సిలిండర్ ఎక్కడ పెట్టాలి? ఆరుబయట, చదునైన నేల మీద, నిటారుగా. సెల్లారులో వద్దు, నేల మట్టానికి కింద ఉన్న ఏ గదిలోనూ వద్దు. అక్కడ చేరిన గ్యాసుకి బయటికి పోయే దారే ఉండదు. వాడనిది, ఖాళీ అయిందనుకున్నది కూడా అంతే. మంట ఆగినంత మాత్రాన సిలిండర్ ఖాళీ అయినట్టు కాదు, లోపల ఇంకా కొంత గ్యాసు ఉంటుంది. వాల్వ్ కట్టేసి, మూత పెట్టి బయటే ఉంచండి.

నిటారుగా అని ఎందుకన్నానంటే, లోపల ఉన్నది ద్రవం. ప్రొపేన్ మామూలుగా మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది, ఒత్తిడిలో బంధించారు కాబట్టి ద్రవంగా ఉంది. పొయ్యికి వెళ్లాల్సింది ఆ ద్రవం పైన చేరే గ్యాసు. సిలిండర్ని పడుకోబెడితే ద్రవమే నేరుగా రెగ్యులేటర్‌లోకి వచ్చేస్తుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే సుమారు 270 లీటర్ల గ్యాసు. గాలిలో రెండు శాతం దాటితే చాలు, అంటుకోవడానికి. అంటే ఒక్క లీటరుతో ఓ చిన్న గదిలో గాలంతా అంటుకునేంతగా మారిపోగలదు. సిలిండర్ నింపేటప్పుడు 80 శాతం దగ్గర ఆపేస్తారు, ఎందుకంటే వేడికి ద్రవం ఉబ్బుతుంది, పైన చోటు ఉండాలి.

[కెమెరా వాల్వ్ దగ్గరికి]

ఇప్పుడు బిగిద్దాం. ముందు పొయ్యి నాబులన్నీ ఆపేసి ఉన్నాయో లేదో చూస్తున్నాను. సిలిండర్ వాల్వ్ కూడా కట్టేసే ఉంది. ఇదిగో, ఈ రబ్బరు వాషర్. గోరుతో మెల్లగా నొక్కి చూడండి. పగుళ్లున్నా, గట్టిపడినా మార్చేయాలి. ట్యూబుని ఈ చివర నుంచి ఆ చివర దాకా వంచుతూ చూడాలి. మడత పెట్టే చోటా, క్లిప్పు బిగించిన చోటా పగుళ్లు ముందు కనిపిస్తాయి. ట్యూబు మీద తేదీ అచ్చు వేసి ఉంటే, ఆ తేదీ దాటాక చూడ్డానికి ఎంత కొత్తగా ఉన్నా వాడొద్దు.

మర ఏ వైపు తిరుగుతుందో కూడా చూసుకోండి. కొన్ని ప్రొపేన్ కనెక్టర్లకి ఎడమ మర ఉంటుంది, మామూలు నట్టుకి వ్యతిరేక దిశలో బిగుస్తుంది. బలవంతంగా తిప్పితే మర పాడైపోతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. చేత్తో బిగించమని చెప్పిన కనెక్టర్‌కి పానా వాడకండి.

వాల్వ్ మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తిప్పేస్తే, కొన్ని కనెక్టర్లలో ఉండే భద్రతా అడ్డుకట్ట లీకైందనుకుని గ్యాసుని తగ్గించేస్తుంది. అప్పుడు మంట చిన్నగా వస్తుంది, మనమేమో బర్నర్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. అన్నీ ఆపేసి, కాసేపు ఆగి, మళ్లీ మెల్లగా తెరిస్తే సరిపోతుంది.

[సబ్బు నీళ్ల గిన్నె, బ్రష్]

ఇది లీకు పరీక్ష. గిన్నెలో కాస్త సబ్బు, నీళ్లు, అంతే. సిలిండర్ వాల్వ్ తెరిచి ఉండాలి, పొయ్యి నాబులు మూసి ఉండాలి. అలాగైతేనే ట్యూబు నిండా ఒత్తిడి ఉంటుంది. వాల్వ్ చుట్టూ, రెగ్యులేటర్ చుట్టూ, ట్యూబు రెండు చివర్లా రాస్తున్నాను. ఇప్పుడు తొందర పడకండి. సన్న లీకైతే బుడగ వెంటనే రాదు, ఉబ్బడానికి టైము పడుతుంది. చూశారా, ఇక్కడ నురగ కదలకుండా ఉంది. పర్లేదు. ఒకే చోట బుడగలు పెరుగుతూ ఉంటే వాల్వ్ కట్టేసి, విప్పి, మళ్లీ బిగించి, మళ్లీ రాసి చూడండి. అప్పటికీ వస్తుంటే వాడొద్దు, గ్యాసు పని తెలిసిన మనిషిని పిలవాల్సిందే.

అగ్గిపుల్ల గీసి లీకు వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దాని గురించి ఇంతకంటే ఏం చెప్పను!

వెలిగించేటప్పుడు మూత ఉన్న పొయ్యి అయితే మూత తెరిచే వెలిగించండి. చేత్తో వెలిగించేదైతే నిప్పు ముందు, గ్యాసు తర్వాత. అంటుకోలేదా, నాబు ఆపేసి ఐదు నిమిషాలు ఆగండి. ఆగకుండా లైటర్ నొక్కుతూ పోతే చేరిన గ్యాసంతా ఒకేసారి అంటుకుంటుంది. గ్యాసు వాటర్ హీటర్‌లో బర్నర్‌ని అంటించడానికి ఎప్పుడూ వెలుగుతుండే చిన్న దీపం ఆరిపోయినప్పుడైతే, మళ్లీ వెలిగించే ముందు వంగి నేల దగ్గర వాసన చూడండి. నిలబడి చూసి లాభం లేదు.

ఇక వాసన. ప్రొపేన్‌కి సొంతంగా వాసన లేదు. ఆ కుళ్లు కంపు ఇథైల్ మెర్కాప్టాన్ అనే పదార్థానిది, లీకు తెలియాలని కావాలనే కలుపుతారు. ఆ కంపు ఇంట్లో వచ్చిందనుకోండి. స్విచ్ వేయొద్దు. ఆపొద్దు కూడా. ఇది చాలామందికి తట్టదు, వెలుగుతున్న లైటు ఆర్పితే మంచిదే కదా అనుకుంటారు. స్విచ్ లోపల రేకులు విడిపోయేటప్పుడు కూడా నిప్పురవ్వ పుడుతుంది, ఈ గ్యాసుకి అది చాలు. ఫ్యాను వేసి గ్యాసు బయటికి పంపుదామనుకోవద్దు. ఫోను కూడా లోపల తీయొద్దు. మంటలుంటే, చేతికి అందేవైతే ఆపి, అందరినీ తీసుకుని బయటికి నడవండి. పోతూ పోతూ తలుపులు తెరిచి వదిలేయండి. సిలిండర్ బయటే ఉండి, దాని దగ్గరికి ప్రమాదం లేకుండా వెళ్లగలిగితేనే వాల్వ్ కట్టండి. దూరంగా వెళ్లాక అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. ఫ్రిజ్ దానంతటదే ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది, నిప్పురవ్వ పుట్టడానికి మీ చెయ్యి అక్కర్లేదు. అందుకే గ్యాసు ఉన్న ఇంట్లో ఇంకొక్క పని చేసి వద్దామనుకోకండి. అగ్నిమాపక దళం వాళ్లు చూసి సరేనన్నాకే లోపలికి.

సిలిండర్ దగ్గరే మంట అంటుకుంటే? గ్యాసు ఆపలేనప్పుడు మంట ఆర్పడం తప్పు. మంట ఆరినా గ్యాసు ఆగదు కదా, పాకి పాకి ఇంకోచోట అంటుకుంటుంది. మంట సిలిండర్ ఒంటికి తగులుతుంటే ఇనుము మెత్తబడి పేలొచ్చు. దగ్గరికి పోకండి.

ముక్కుని పూర్తిగా నమ్మొద్దు కూడా. ఆ కంపులోనే కాసేపుంటే ముక్కుకి అలవాటైపోతుంది. వయసు మీద పడ్డవాళ్లకి తక్కువగా తెలుస్తుంది. సిలిండర్ లోపల తుప్పు ఉంటే ఆ పదార్థం తగ్గిపోతుంది. భూమిలో పాతిన పైపు లీకైతే మట్టే దాన్ని పీల్చేసుకోవచ్చు. కాబట్టి గ్యాసు డిటెక్టర్ పెట్టుకోండి, కానీ నేలకి దగ్గరగా. పైకప్పుకి పెట్టేది వేరే గ్యాసుకి. పైపుల్లో వచ్చే సహజవాయువులో ఉండే మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి దానికి పైన పెడతారు.

మంట రంగు చూద్దాం.

[బర్నర్ దగ్గరగా]

ఇదీ మంచి మంట, నీలంగా నిలకడగా ఉంది. పసుపు రంగులో ఊగుతూ, గిన్నెలకి మసి పడుతుంటే గాలి చాలట్లేదన్నమాట. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తాయి, బయటికెళ్తే తగ్గుతాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి అలా ఉంటే జ్వరమేమో అనుకోకుండా ముందు అందరూ బయటికి రండి. ఆరుబయట వాడమన్న హీటర్‌ని, గ్రిల్‌ని, జనరేటర్‌ని గదిలో పెట్టొద్దు. కిటికీ తెరిచి ఉంది కదా అన్నా వద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే వస్తువు, నేల దగ్గర పెట్టిన గ్యాసు డిటెక్టర్ ఆ పని చేయదు. దాన్ని పడుకునే గదుల దగ్గర పెట్టండి.

చివరగా ఇది. పెద్ద మంట మీద చాలాసేపు వాడితే సిలిండర్ ఒంటి మీద మంచు పడుతుంది. భయపడకండి, ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటోంది. దాన్ని కరిగించడానికి మంట చూపించొద్దు. ఎంత మిగిలిందో తెలియాలంటే ఒక పక్కగా గోరువెచ్చని నీళ్లు పోసి, పైనుంచి కిందికి చేత్తో తడమండి. చల్లగా తగలడం మొదలైన చోటు దాకా ద్రవం ఉన్నట్టు. ఇదిగో ఈ సిలిండర్‌లో సగం కంటే కాస్త కిందుంది.