పుస్తకంలో పేరు లేని కుర్రాడికి ప్రభుత్వం డబ్బివ్వదు
(విజయవాడ ఆటోనగర్‌లో షెడ్ల యజమానుల సమావేశంలో ఒక అకౌంటెంట్ చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, షెడ్ల ఓనర్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది గానీ పక్క హాల్లో భోజనాలు సిద్ధమయ్యాయి, సగం మంది చూపు అటే ఉంది. నాకిచ్చింది పది నిమిషాలు. "కొత్త స్కీము గురించి నాలుగు ముక్కలు చెప్పమ్మా" అన్నారు సెక్రటరీ గారు.

దాని పేరు ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 లోపు కొత్తగా పనిలో పెట్టుకున్నవాళ్లకు వర్తిస్తుంది. మొత్తం 99,446 కోట్లు కేటాయించారు. మీ పీఎఫ్ కోడ్, అంటే భవిష్య నిధి ఆఫీసు మీ షెడ్డుకిచ్చిన నంబరు కింద 50 మంది కంటే తక్కువ ఉంటే కనీసం ఇద్దరిని, 50 గానీ అంతకు మించి గానీ ఉంటే కనీసం ఐదుగురిని అదనంగా తీసుకోవాలి. వాళ్లు ఆర్నెల్లు నిలబడాలి. అప్పుడు మనిషికి నెలకు 3,000 దాకా రెండేళ్లపాటు మీకిస్తారు. తయారీ రంగమైతే ఇంకో రెండేళ్లు. మొదటిసారి ఉద్యోగంలో చేరే కుర్రాడికి కూడా ఒక నెల జీతం, 15,000 మించకుండా, రెండు విడతల్లో పడుతుంది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. ఒక వెల్డర్‌ను 14,000కి పెట్టుకున్నారు. మీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,680. ఆ జీతానికి ప్రభుత్వం మీకిచ్చేది 2,000. అర్థమైందా బాబాయ్ గారూ? మీరు ఏ ఖర్చుకు భయపడి వాడి పేరు పీఎఫ్ పుస్తకంలో ఎక్కించడం లేదో, ఆ ఖర్చు ప్రభుత్వమే ఇస్తోంది, పైన టీ ఖర్చులు కూడా.

ఇది కొత్తేం కాదు. 2016లోనే ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన అని పెట్టి, కొత్తవాళ్లకు యజమాని కట్టే పింఛను వాటా 8.33 శాతం ప్రభుత్వమే భరించింది. 2018 ఏప్రిల్ నుంచి మొత్తం 12 శాతమూ కట్టింది. కరోనా టైములో 2020లో ఇంకోటి వచ్చింది. ఈ రెండిట్లో ఒక్కదాన్నయినా వాడుకున్నవాళ్లు చేతులెత్తండి... మూడు చేతులు. ఇంత హాల్లో మూడు! ఎత్తనివాళ్లను నేనేమీ అననులెండి, మీలో చాలామందికి పీఎఫ్ చలానాలు కట్టేది నేనే. ఎవరి షెడ్డులో ఎంతమంది పనిచేస్తారో, పుస్తకంలో ఎన్ని పేర్లుంటాయో నాకు తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెప్పాలనుకుని రాలేదు.

మా నాన్న లారీ బాడీలకు చెక్కపని చేసేవాడు. వేరే ఊళ్లో, ఒకే షెడ్డులో, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ. ఓనరు చెడ్డవాడు కాదు. దసరాకి బట్టలు పెట్టేవాడు, నా పదో తరగతి ఫీజు ఆయనే కట్టాడు. శనివారం సాయంత్రం బట్వాడా చేతికి ఇచ్చేవాడు, ఒక్క వారం కూడా ఆపలేదు. నాన్న పనిలో ఉండగానే గుండెపోటుతో పోయాడు. కర్మకాండలయ్యాక అమ్మ షెడ్డుకెళ్లి, "పింఛనేమన్నా వస్తుందా బాబూ" అని అడిగింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కవర్లో పదివేలు పెట్టి చేతికిచ్చాడు. "పుస్తకంలో పేరు లేదమ్మా" అన్నాడు.

పీఎఫ్ రూల్స్ నేను చదువుకున్నది ఆ తర్వాతే. ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, పనిలో ఉండగా మనిషి పోతే భార్యకు పింఛను వస్తుంది. ఇవాళ్టి లెక్కన కనీసం నెలకు 1,000. దానికి తోడు పీఎఫ్‌తో పాటే వచ్చే ఈడీఎల్ఐ అనే బీమా ఉంది, 7 లక్షల దాకా. ఆ ఓనరు దానధర్మం ఎంత చేశాడో, మాకు రాకుండా పోయింది అంతకంటే ఎక్కువ. సరే, మళ్లీ విషయానికొస్తా.

"ప్రభుత్వం ఎంతిచ్చినా ఏం లాభం, కుర్రాళ్లే దొరకట్లేదు" అని ప్రతి మీటింగులో అంటారు. మీ దగ్గర 16,000 వచ్చేది వదిలేసి, షోరూములో 13,000కి ఎందుకు చేరుతున్నాడో ఎప్పుడైనా అడిగారా? నేనడిగాను, మా సందులో ఐటీఐ చదివిన కుర్రాణ్ని. అక్కడ పే స్లిప్పు ఇస్తారట. దాంతో బండికి లోను వస్తుంది. పెళ్లిచూపుల్లో ఆడపిల్లవాళ్లు పీఎఫ్ ఉందా అని అడుగుతున్నారట. మీరిచ్చే 3,000 ఎక్కువ ఆ అడిగేవాళ్లకు కనబడదు.

అప్రెంటిస్ సంగతి కూడా ఇంతే. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం 2016 నుంచి ఉంది. స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వం నేరుగా కుర్రాడి ఖాతాలో వేస్తుంది. మనవాళ్లు మాత్రం హెల్పర్ అనే పేరుతో పని నేర్పి, నేర్చుకున్నాక పక్క షెడ్డువాడు ఎత్తుకుపోయాడని ఏడుస్తారు.

ఒకాయన చాటుగా అడిగారు, ఎప్పట్నుంచో ఉన్నవాణ్ని ఇవాళే చేరినట్టు చూపిస్తే కుదురుతుందా అని. కుదరదండీ. ఆ పని నాతో చేయించొద్దు. పాతవాళ్ల పేర్లు ఎక్కించడానికి 2025 నవంబరు నుంచి 2026 ఏప్రిల్ దాకా విడిగా ఒక స్కీము పెట్టారు. అందులో జరిమానా 100 రూపాయలే. పాతవాళ్లను అలాంటిదాని కింద చూసుకోవాలి తప్ప, కొత్త స్కీములోకి దొంగదారిన తోయకూడదు.

ఇక పని సంగతి. కొత్త కుర్రాళ్లకు యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరు, ఇప్పుడు ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీయాలి. పీఎఫ్ రికార్డులో పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలవాలి. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది, నాకు నెలనెలా టెన్షన్ అదే. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చేయించండి, లేకపోతే కుర్రాడికి రావాల్సిన డబ్బు పడదు. మీ డబ్బు పాన్‌తో లింకైన ఖాతాకి వస్తుంది. చలానా 15వ తారీకు దాటనివ్వొద్దు, 14న రాత్రి నాకు ఫోన్లు చేయొద్దు.

ఈ ఆదివారం పొద్దున నేను అసోసియేషన్ ఆఫీసులోనే ఉంటాను. కాగితాలే కాదు, కుర్రాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి. వాళ్ల ముఖం లేకుండా యాప్ తెరుచుకోదు.