టేకాఫ్‌లో ఆగని ఇంజిన్

హోస్ట్: సార్, చిన్న విమానం లేచీ లేవగానే కూలిందంటే ఇంజిన్ ఆగిపోయిందనే అనుకుంటాం.

ఇంజినీర్: చాలాసార్లు ఆగదమ్మా. తిరుగుతూనే ఉంటుంది, బలం చాలదు. ఒకే ఇంజిన్ ఉన్న విమానాల మీద ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2000 నుంచి 2010 వరకు లెక్క తీసింది. టేకాఫ్ తర్వాత ఇంజిన్ పూర్తిగా ఆగిన ఘటనలు 75. ఒక్క ప్రాణమూ పోలేదు. పవర్ కొంత తగ్గినవి 242. అందులో తొమ్మిది ప్రమాదాల్లో మనుషులు చనిపోయారు.

హోస్ట్: కొంత పవరైనా ఉంటే మేలే కదండీ?

ఇంజినీర్: మోసం చేసేది ఆ కొంతే. పూర్తిగా ఆగితే పైలట్ ముక్కు దించి, ఎదురుగా కనిపించిన చేలో దిగిపోతాడు. సగం ఉంటే వెనక్కి తిప్పి రన్‌వే మీదికే వెళ్దామనిపిస్తుంది. ఎత్తూ ఉండదు, వేగమూ ఉండదు. మలుపులో స్టాల్ అయిపోతుంది, అంటే రెక్కలకి లేపే బలం పోయి విమానం పడిపోతుంది.

హోస్ట్: ఆ పవర్ ఎందుకు తగ్గుతుంది?

ఇంజినీర్: కారణాలు చాలా ఉన్నాయి, అరుగుదల ఒకటి. సెస్నా 172లో ఉండే లైకమింగ్ ఇంజిన్ తీసుకో. అందులో క్యామ్‌షాఫ్ట్, అంటే తన మీది క్యామ్ అనే ఉబ్బులతో వాల్వులని తెరిచే కడ్డీ, పైభాగంలో ఉంటుంది. వారాల తరబడి విమానం ఎగరకపోతే దాని మీది ఆయిల్ జారిపోయి, తేమకి తుప్పు పడుతుంది. మళ్లీ నడిపితే, క్యామ్‌కి ఆనుకుని వాల్వ్‌ని నెట్టే ట్యాపెట్ ముఖం పెచ్చులు లేచి క్యామ్‌ని గీకేస్తుంది. క్యామ్ అరిగిందా, వాల్వ్ తెరుచుకోవాల్సినంత తెరుచుకోదు.

హోస్ట్: కంప్రెషన్ టెస్టులో దొరికిపోదా?

ఇంజినీర్: నా బాధంతా అదేనమ్మా. వాల్వ్ గట్టిగా మూసుకుంటోందా, రింగులు బాగున్నాయా అన్నదే ఆ టెస్టు చెప్తుంది. వాల్వ్ ఎంత తెరుచుకుంటోందో చెప్పదు. సిలిండర్‌లోకి 80 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి పెడితే 76 నిలిచినా క్యామ్ అరిగి ఉండొచ్చు. అందుకే ఆయిల్ మార్చినప్పుడల్లా ఫిల్టర్ కోసి, మడతలు విప్పి, అయస్కాంతం పెట్టి చూడాలి. ఇనుప రజను కనిపిస్తే, సంగతి తేలేదాకా ఎగరకూడదు. 2000 గంటల ఓవర్‌హాల్‌కి ఇంకా టైముందిలే అనుకోకూడదు.

హోస్ట్: మరి రన్‌వే మీద పైలట్‌కి ఎలా తెలుస్తుంది?

ఇంజినీర్: ఫుల్ థ్రాటిల్‌కి మాన్యువల్‌లో ఉన్న ఆర్‌పీఎం రావాలి. తర్వాత వేగం. 55 నాట్ల (గంటకి సుమారు 100 కిలోమీటర్ల) దగ్గర లేచే విమానమైతే, సగం రన్‌వే దాటేసరికి కనీసం 38 ఉండాలి. లేదంటే థ్రాటిల్ వెనక్కి లాగి పవర్ తగ్గించి, బ్రేక్ వేసేయాలి.

హోస్ట్: ఆ హడావుడిలో సగం ఎక్కడో ఎలా గుర్తుంటుంది సార్?

ఇంజినీర్: ముందే ఒక గుర్తు పెట్టుకోవాలి. పక్కకి తిరిగే టాక్సీవే మలుపో, గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం విండ్‌సాకో. పక్క సీట్లో వాళ్లకి పైకే చెప్పాలి, “అక్కడికి 38 రాకపోతే ఆపేస్తున్నా” అని.